గోడ పని దైవాధీనం

మా బందర్లో టైలు మీద బొమ్మకి ఇంతకాలం ఒకటే ఉద్యోగం. గోడ పక్కన మగాడెవడూ నిలబడి కానిచ్చెయ్యకుండా చూడటం. వెంకటేశ్వరస్వామి, పక్కన సిలువ, ఆ పక్కన నెలవంక, మూడూ వరసగా మోకాలెత్తున అతికిస్తారు. ముగ్గురు కాపలా కాస్తే తప్ప గోడని వదలని జనం మావాళ్ళు. అలాంటి ఊరికి అందమైన టైల్స్ గోడ ఒకటి కావాలని కమిటీ వేశారు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి అందర్నీ తిట్టే హక్కు నాకుంది.

నా పేరు పున్నారావు. హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పిల్లల చేత వంకాయ వేయించాను, చిలక వేయించాను, జెండా వేయించాను. లెక్కల సిలబస్ అవ్వకపోతే ముందు నా పీరియడే లాక్కునేవారు, నేనూ హాయిగా ఇచ్చేసి స్టాఫ్ రూములో కునుకు తీసేవాణ్ణి. సొంతంగా వేసిన బొమ్మ ఒక్కటి చూపించమంటే నా దగ్గర లేదు. అయినా ఊళ్ళో ఆర్టిస్టు ఎవరంటే నన్నే చూపిస్తారు, ఊరి స్థాయి అది.

కమిటీ పేరు బందరు శోభ. దానికి పెద్ద, చిన్నబాబు గారు. రొయ్యల మేత వ్యాపారం. పెదపారుపూడి దగ్గర పొలాలు, గుడివాడలో రెండు కల్యాణ మండపాలు, బందర్లో ఇల్లు. ఆయనకి ఊరి మీద ప్రేమ ఎప్పుడు పుట్టిందంటే, కొడుకు ఫోన్లో ఫొటో చూపించినప్పుడు. ఆ కొడుకు కృష్ణచైతన్య ఫిలిప్పీన్స్ వెళ్ళి డాక్టరీ చదివొచ్చాడు. వచ్చాక ఇక్కడ రాయాల్సిన పరీక్ష మూడుసార్లు రాశాడు, ఇప్పుడు నాలుగోసారికి చదువుతున్నాడు. చదువుతున్నాడని వాళ్ళమ్మ అమ్మాజీ గారు అంటుంది. నేను చూసినప్పుడల్లా బుల్లెట్ మీద కోనేరు సెంటర్లో కనిపిస్తాడు.

ఫొటోలో ఉన్నది అక్కడి ఓ చిన్న ఊరు. కుర్రాడు రెండుసార్లు పేరు చెప్పాడు, నాకు నోరు తిరగలేదు. రేవు దగ్గర పొడుగాటి గోడ. దాని నిండా రంగు రంగుల టైల్స్ మీద వాళ్ళ ఊరు. వాళ్ళ చేప, వాళ్ళ చర్చి, వాళ్ళ పడవలు, పండ్ల బుట్టలు, బురదలో గేదె, చాపలల్లే ఆడవాళ్ళు. నిజం చెప్పొద్దూ, చూడగానే నాకు మనసులో కలుక్కుమంది. మన బందరంత కూడా లేదట ఆ ఊరు. ఎవరో కూర్చుని, వాళ్ళ ఊరిని వాళ్ళే ప్రేమగా చూసుకుని చేసుకున్న పని అది.

మావాళ్ళకి ప్రేమ దాకా ఎందుకు, ఫొటో చాలు. "దీన్నే ప్రింటు కొట్టించేద్దాం మాస్టారూ" అన్నారు చిన్నబాబు గారు. "చేప మనకుంది. పడవ మనకుంది. గేదె మనకుంది. చర్చి మీద రెండు బురుజులున్నాయి కదా, వాటిని గాలిగోపురాలు చేసేస్తే తొంభై శాతం బందరు వచ్చేసినట్టే." కమిటీలో పదకొండు మందీ గంగిరెద్దుల్లా తల ఊపారు. పదకొండో తల నాదే.

అయితే అంత పెద్ద గోడకి టైల్స్ మీద ప్రింటు వేసి పంపడానికి గుజరాత్ కంపెనీవాడు చెప్పిన ధర విని కళాతృష్ణ చప్పున చల్లారిపోయింది. అప్పుడు టైల్స్ షాపతను ఓ మాటన్నాడు. దివిసీమలో ఒక మేస్త్రి ఉన్నాడు, పగిలిపోయిన టైల్స్ పట్టుకెళ్ళి ముక్కలతో బొమ్మలు చేస్తాడు, కూలి కూడా మామూలు కూలే అని. వెళ్ళి చూసి రమ్మని నన్ను తోలారు.

బస్సులు మారి మారి హంసలదీవి వైపు వెళ్ళాను. అడిగితే సమాధుల తోటలో ఉన్నాడన్నారు. ఉన్నాడు. ఒక సమాధి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, పట్కారుతో ఆకుపచ్చ టైలు ముక్కని చిన్న చిన్నగా కొరుకుతున్నాడు. నల్లగా, సన్నగా, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కనుబొమల నిండా సిమెంటు దుమ్ము. పేరు దైవాధీనం. నన్ను చూసి లేచి నిలబడి, చేతులు లుంగీకి తుడుచుకుని నమస్కారం పెట్టాడు. డ్రాయింగు మాస్టార్నని చెప్పగానే ఆ మొహంలో వచ్చిన గౌరవం చూసి, నాకు నిజంగానే ఏదో వచ్చేమో అని నాకే అనుమానం వచ్చింది.

ఆ తోటంతా అతని పనే. పదహారో ఏట బెజవాడ ఫ్లోరింగు బ్యాచీలో కలిసి, అపార్టుమెంట్లకి బండలు మోసి, పని నేర్చుకుని తిరిగొచ్చాడు. అప్పట్నించీ మనుషులు బతికుండగా వాళ్ళ బాత్రూములూ, పోయాక సమాధులూ. ఎవరైనా పోతే ఇంటికెళ్ళి, "ఏం పని చేసేవారండి ఆయన?" అని అడుగుతాడట. వలకెళ్ళిన మనిషికి పడవ. దర్జీకి కుట్టుమిషను. ఓ పంతులమ్మకి కళ్ళజోడు, అద్దాల చోట నీలం గాజు. నవ్వొచ్చేలా ఉంటాయనుకున్నాను. ఒక్కటీ నవ్వొచ్చేలా లేదు.

కింద పేరు, పుట్టిన తేదీ, 'ప్రభువునందు నిద్రించిన' తేదీ. తెల్ల టైల్సు మధ్య నల్ల ముక్కలతో అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలైతే పుల్లలు పేర్చినట్టు పేర్చెయ్యొచ్చు. మన అక్షరాలు గుండ్రం, టైలేమో తిన్నగా తప్ప విరగదు. ప్రతి వంపూ అరగదీసి తేవాలి. "తలకట్టు ముక్క గోరంత ఉంటదండి. అది ఊడిపోతే మనిషి పేరు మారిపోద్ది. అందుకని అక్కడ సిమెంటు కాస్త ఎక్కువ పెడతాను" అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అక్షరాలు నేర్పే బళ్ళో ఉన్నాను, తలకట్టు గురించి అంత శ్రద్ధగా మాట్లాడిన మనిషిని చూడలేదు.

ఓ మూల అతని భార్య ఆనందమ్మ సమాధి ఉంది. రెండు పేర్లకి సరిపడా పలక చేసి, ఎడమ పక్క ఆవిడ పేరు రాసి, కుడి పక్క ఖాళీగా వదిలేశాడు. మొగుడూ పెళ్ళాల్లో ఒకరు ముందు పోతే అక్కడ అలాగే వదులుతారు. బతికున్న మనిషి పేరు సమాధి మీద రాస్తే ఆయుష్షు రాసేసినట్టేనని వాళ్ళ నమ్మకం. చేసిన మేస్త్రి పేరు కూడా ఎక్కడా వెయ్యరు, అదే కారణం.

"ఎన్ని వందల పేర్లు రాశానో లెక్క లేదండి. నాది మాత్రం ఎక్కడా లేదు" అన్నాడు. "కూలి అందరికిచ్చినట్టే ఇవ్వండి మాస్టారూ. కింద మూల నా పేరు రాసుకోనివ్వండి, చాలు. అది ఊరి గోడ కదా, బతికున్నోళ్ళ గోడ. ఇక్కడ ఖాళీలో ఎటూ ఎవడో ఒకడు రాస్తాడు. ధ కి ఒత్తు మర్చిపోతాడు. నేను చూసుకునే పని ఉండదు కదండీ."

"దానికేముంది, రాసుకో" అన్నాను. ఇచ్చే అధికారం నాకు లేదు. మాటే కదా అని ఇచ్చేశాను. చిన్నబాబు గారికి చెబితే ఆయనా, "పేరే కదా మాస్టారూ, రాసుకోనివ్వండి" అన్నారు. అప్పటికి ఆయనకి కూలి తక్కువన్న మాట తప్ప ఇంకేం వినపడలేదు.

పని మూడు నెలలు పట్టింది. బస్టాండు దారిలో పాత ప్రహరీ గోడ. దైవాధీనం షాపుల వెనక పారేసిన పగిలిన టైల్స్ అన్నీ గోతాలకెత్తుకొచ్చి, రంగుల వారీగా కుప్పలు పోసుకున్నాడు. రాత్రిళ్ళు గోడ వెనక రేకుల షెడ్డులో పడుకునేవాడు, శనివారం మధ్యాహ్నం మోపెడ్ మీద ఊరెళ్ళి, ఆదివారం చర్చి అయ్యాక తిరిగొచ్చేవాడు.

కమిటీవాళ్ళు ఊరుకుంటారా. సలహాలివ్వడానికి రోజుకొకడు తయారు. ఒకాయన చిలకలపూడి నగలు పెట్టమన్నాడు, ఎందుకంటే ఆయనది ఆ షాపే. ఒకాయన పెడన అద్దకం వద్దన్నాడు, ఎందుకంటే పెడనలో ఆయనకి వియ్యంకుడితో తగాదా. అమ్మాజీ గారు కారు దిగకుండానే అద్దం దించి, "బందరు లడ్డు ఇంకా పెద్దదిగా ఉండాలి" అంది. పెద్దది చేశాడు. మర్నాడు మళ్ళీ వచ్చి ఇంకా అంది. ఆఖరికి లడ్డు సముద్రం మీద సూర్యుడంత అయింది. దైవాధీనం ఓ పూట ఆలోచించి, దాన్ని నిజంగానే మంగినపూడి తీరాన పొడిచే సూర్యుడి చోట పెట్టి, చుట్టూ పసుపు ముక్కలతో కిరణాలు తీశాడు. ఆవిడ లడ్డు చూసుకుని మురిసిపోయింది, మిగతావాళ్ళు సూర్యోదయం చూసుకున్నారు. అంతమంది తెలివితక్కువవాళ్ళని ఒక్క ముక్కతో సర్దిన మనిషి, పైకి మాత్రం "అలాగేనమ్మా" తప్ప ఇంకో మాట అనలేదు. నాకు ఒళ్ళు మండేది. ఎదురు చెప్పడే వెధవ అనుకునేవాణ్ణి. నేను చెప్పానా అంటే, నేనూ చెప్పలేదు.

కుడి చివర మాత్రం ఎవరి సలహా లేకుండా తనకి తోచింది చేశాడు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. ఏటి నీళ్ళకి మట్టి రంగు, సముద్రానికి నీలం. ఆ రెండూ కలిసే చోట గీత ఉండీ లేనట్టుంటుంది, చూసినవాళ్ళకి తెలుసు. దాన్ని ఇళ్ళల్లో బాత్రూములకి వాడే ఆకుపచ్చలూ నీలాలూ పధ్నాలుగు రకాలు ఏరి, వడ్ల గింజంత ముక్కలతో తెచ్చాడు. నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే నీళ్ళు కదిలినట్టుండేది. నేను రోజూ సాయంత్రం వెళ్ళి బల్ల మీద కూర్చుని చూసేవాణ్ణి. సంతోషంతో కాదు, ఏడుపుతో. బళ్ళో చదువుకోని మనిషి చేతిలో ఉన్నది నా చేతిలో ఎందుకు లేదని ఏడుపు.

ప్రారంభోత్సవానికి నాలుగు రోజులుందనగా ఆ నీళ్ళ పక్కనే కింద మూల పేరు పెట్టాడు. జానెడు తెల్ల చోటు, అందులో నల్ల అక్షరాలు రెండు వరసలు. పైన 'గోడ పని'. కింద 'దైవాధీనం'. మధ్యలో గీత పెట్టలేదు, చుక్క పెట్టలేదు. సమాధుల మీద అవేవీ ఉండవు కదా, అతనికి అలవాటు లేదు. పెట్టి, తడిగుడ్డతో తుడిచి, దూరంగా వెళ్ళి నిలబడి చూసుకున్నాడు. మళ్ళీ దగ్గరికొచ్చి ధ కింద ఒత్తుని బొటనవేలితో నొక్కాడు. ఆ రోజంతా ఇంక పని ముట్టుకోలేదు.

మర్నాడు కాలేజీ కుర్రాడెవడో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టాడు. గోడ పని దైవాధీనం. ఇంక చూసుకోండి. ఒకడు గుంటల రోడ్డు ఫొటో పెట్టి 'రోడ్డు పని కూడా దైవాధీనమే' అన్నాడు. ఒకడు మురిక్కాలవ పెట్టాడు. కృష్ణచైతన్య పరీక్ష ఫలితం కూడా దైవాధీనమేనని ఎవడో పుణ్యాత్ముడు రాశాడు. సాయంత్రానికి బందరు, గుడివాడ, అవనిగడ్డ మొత్తం నవ్వుకుంది. అది మనిషి పేరని ఒక్కడికీ తట్టలేదు. నేను కూడా నవ్వాను, అబద్ధం ఎందుకు.

చిన్నబాబు గారు నవ్వలేదు. నన్ను ఇంటికి పిలిపించారు. "ఏంటి మాస్టారూ ఇది? మనం చెయ్యలేక దేవుడి మీద వదిలేశామనా?"

"కాదండీ, అది మేస్త్రి పేరు. మీరే రాసుకోమన్నారు."

"పేరైతే పేరులా ఉండాలి కదా."

"ముందు ఇంటిపేరు పెట్టి, వెనక మేస్త్రి అని చేరిస్తే సరిపోతుందండి. ఒక్క పూట పని."

"ఇంటిపేరేంటి?" అన్నారు. చెప్పాను. బందర్లో ఇంటిపేరు చెబితే మిగతాదంతా చెప్పినట్టే. ఆయన ఫోన్ తీసి కాసేపు ఊరికే అటూ ఇటూ జరిపారు. నాకు అర్థమైంది. నాకు అర్థమైందని ఆయనకీ అర్థమైంది. ఇద్దరం మర్యాదస్తులం, పైకి ఏమీ అనుకోలేదు.

"నాకేం పట్టింపు లేదు మాస్టారూ, మా ఇంట్లో ఫ్లోరింగు చేసింది కూడా వాళ్ళే" అన్నారు. "కానీ మేస్త్రి అని రాస్తే, గొప్ప ఆర్టిస్టుతో చేయించామని పెద్దలకి చెప్పిన మాట ఏమవుతుంది? పైగా సమాధులు కట్టేవాడట. శుభమా అని రిబ్బను కట్ చెయ్యబోతే ఎవడో ఆ మాట అంటాడు. మీరున్నారు కదా, డ్రాయింగు మాస్టారు, పెద్దమనిషి. రూపకల్పన పున్నారావు అని వేయించండి. ఎవరూ నవ్వరు."

వద్దనాలి. వద్దంటే సరిపోయేది, లేదా కనీసం లేచి వచ్చేసినా సరిపోయేది. నేను అనలేదు. అమ్మాజీ గారు కాఫీ ఇస్తే తాగాను. లోపల ఎక్కడో, ముప్ఫై ఒక్క ఏళ్ళ వంకాయల అడుగున, సంతోషం కదిలింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంటికెళ్ళి మా ఆవిడ వెంకటరత్నమ్మతో చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తకుండానే, "మీరేం చేశారని?" అంది. సలహాలిచ్చానన్నాను. "ఏడిసినట్టుంది" అని చేట తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే గోడ దగ్గరికెళ్ళాను. దైవాధీనం లడ్డు మీద దుమ్ము దులుపుతున్నాడు. నీళ్ళు నమిలి నమిలి మొత్తానికి చెప్పాను. జనం నవ్వుతున్నారని చెప్పాను, ఊరి పరువని చెప్పాను. ఇంటిపేరు సంగతి చెప్పలేదు. అతను అడగలేదు. అడక్కుండానే తెలిసే వయసు.

"మీరేమన్నారండి మాస్టారూ?" అన్నాడు.

"నేను చాలా చెప్పి చూశాను" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత ఆ అక్షరాల దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. కమిటీవాళ్ళు ఎవరో కూలివాడిని కట్టర్ ఇచ్చి పంపుతామన్నారని చెబితే తల అడ్డంగా ఊపాడు. "వద్దండి. వాడు కోస్తే పక్కన నీళ్ళు కూడా పోతాయి. నేనే తీస్తాను."

చిన్న ఉలి పెట్టి ఒక్కో అక్షరం కిందనించి లేపాడు. ముందు సున్న ఊడింది. తర్వాత న. ఒక్కటీ పగలనివ్వలేదు. తీసినవన్నీ గోనెసంచి మీద పెట్టుకున్నాడు. నాకు అక్కడ నిలబడటం కష్టంగా ఉంది, వెళ్ళిపోవడం ఇంకా కష్టంగా ఉంది. మధ్యాహ్నం ఎండ నడినెత్తి మీదికొచ్చేసరికి ఆ చోటు తెల్లగా ఖాళీ అయింది. అప్పుడు నన్నడిగి, రాయాల్సింది కాగితం మీద రాయించుకున్నాడు.

"నల్ల టైలు అయిపోయిందండి. ఉన్నవాటితోనే సర్దుతాను" అన్నాడు. వా కి దీర్ఘం తీసేసి కొమ్ము పెట్టి వు చేశాడు. న ని అలాగే ఉంచి, ఆ దీర్ఘాన్ని దానికిచ్చి, కింద ఒత్తు తగిలించాడు. అతని పేరులో పనికొచ్చినంత నా పేరుకి పనికొచ్చింది. మిగతా అక్షరాలు పై వరసలో ఊడిన ముక్కల్లోంచి అరగదీశాడు. తొందరపడలేదు, విసుక్కోలేదు, ఏ సమాధికీ తక్కువ చెయ్యని పనే నా పేరుకీ చేశాడు. కోపంగా చేసి ఉంటే నేను కాస్త తేలికపడేవాణ్ణి.

సాయంత్రానికి అయింది. తడిగుడ్డతో తుడిచి, పక్కకి జరిగి, నాకు చోటిచ్చాడు.

"అక్షరాలు చూసుకోండి మాస్టారూ. ఇన్నేళ్ళుగా పేర్లు రాస్తున్నాను కానీ, పేరుగల మనిషే వచ్చి పక్కన నిలబడి చూసుకోవడం ఇదే మొదటిసారండి. తప్పుంటే ఇప్పుడే చెప్పండి, ఆరితే ఇంక మార్చడానికి ఉండదు."

నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, వంగి, ఒక్కో అక్షరం చూశాను.

"తప్పేం లేదు" అన్నాను.